జాడీలో పాదరసం, అందులో బంగారం: విడదీయడానికి ఏ దారి పట్టాలి?

పోయిన వేసవిలో నరసన్నపేటలో మా తాతగారి ఇల్లు పడగొట్టిస్తుంటే అటక మీద ఒక చిన్న పింగాణీ జాడీ బయటపడింది. ఊరగాయ జాడీ అనుకుని ఒంటిచేత్తో అందుకోబోయిన కూలి కుర్రాడు బరువుకి ముందుకు తూలాడు. మూతకి కట్టిన గుడ్డ విప్పి చూస్తే పాదరసం. పుల్లతో కదిపి చూస్తే అడుగున వెన్న పేరుకున్నట్టు తెల్లటి ముద్ద.

మా తాతగారు కంసాలి. కొట్టు ఊడ్చిన మట్టిలో, ఆకురాయి పొడిలో కలిసిపోయిన బంగారపు రవ్వల్ని పట్టడానికి ఆ రోజుల్లో పాదరసం పోసి రుద్దేవారు. పాదరసం మట్టిని వదిలేసి బంగారాన్ని మాత్రం తనలో కలుపుకుంటుంది. లోకంలో చాలాచోట్ల గనుల దగ్గర చిన్నకారు కూలీలు ఇసుకలోంచి బంగారం తీసేదీ ఇలాగే. అలా కలిసిన ముద్దే మా జాడీ అడుగున ఇన్నేళ్లూ ఉండిపోయింది.

"ఏటమ్మా అంత ఆలోచన? మా నాయిన కుంపటి మీద పెట్టీసి కాల్చీసీవోడు. గంటలో బంగారం పచ్చగా తేలీది. పెరట్లో నేను చేసిస్తాను, నువ్వు కూకో" అన్నారు పెదనాన్న. ఆయనకి డెబ్బై ఆరేళ్లు. చేతిపనిలో నేను ఆయన కాలిగోటికి సరిపోను. కానీ ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినలేకపోయాను. "రెండు రోజులు ఆగండి పెదనాన్నా, ఉన్న దారులన్నీ చూసి చెబుతాను" అన్నాను. ఆ రెండు రోజులు రెండు నెలలయ్యాయి. అప్పుడు చూసినవీ తేల్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. నరసన్నపేటలో, శ్రీకాకుళంలో, విజయనగరంలో పాత కంసాలి ఇళ్లలో ఇలాంటి జాడీలు, సీసాలు ఇంకా ఉన్నాయి. పిల్లలు తిరిగే ఇళ్లలోనే ఉన్నాయి.

ముందు ఒక ఉంగరం సంగతి చెప్పాలి. డిగ్రీ చదివే రోజుల్లో ల్యాబులో పాదరసం చుక్క ఒకటి నా వేలి ఉంగరానికి తగిలింది. చూస్తుండగానే ఉంగరం ఒక పక్కంతా వెండిలా తెల్లబడిపోయింది. తుడిస్తే పోలేదు, కడిగితే పోలేదు. భయపడుతూ ఇంటికి తెస్తే నాన్న ఒక్క మాట అనలేదు. పట్టకారుతో పట్టి కుంపటి మీద పెట్టి ఊదుగొట్టంతో నాలుగుసార్లు ఊదారు. తెలుపు పోయి పచ్చదనం తిరిగొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తెలుపు ఎక్కడికి పోయిందని మాత్రం అడగలేదు. నాన్న ముఖానికీ ఆ కుంపటికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

అందుకే దారుల్ని పోల్చడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: పాదరసం చివరికి ఎక్కడికి చేరుతుంది? బంగారం ఏ దారిలోనైనా దాదాపు అంతే వస్తుంది. తేడా అంతా పాదరసం దగ్గరే ఉంది.

అసలు అందులో బంగారం ఎంత?

ఈ లెక్క వేయకుండానే చాలామంది పొయ్యి వెలిగిస్తారు. జాడీలో ఉన్నదంతా బంగారమే అనుకోవడం పొరపాటు. మామూలు వేడిలో పాదరసం తనలో కరిగించుకోగల బంగారం చాలా తక్కువ, వెయ్యి గ్రాముల పాదరసానికి గ్రామున్నర కూడా మించదు. అంటే మీ సీసాలోది నీళ్లలా జారిపోతూ, అడుగున ముద్ద ఏమీ లేకుండా ఉంటే, కిలో పాదరసాన్ని మరిగించినా చేతికొచ్చేది ఆ కాస్తే. దాని కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం దండగ. అలాంటి సీసాని కదపకుండా మూత బిగించి, ఎవరికి అప్పగించాలో చూసుకోవడమే పని.

అడుగున ముద్ద ఉంటే లెక్క వేరు. గనుల దగ్గర మెత్తటి తోలులోనో గుడ్డలోనో వేసి పిండగా మిగిలే ముద్దలో బరువుకి దాదాపు సగం పాదరసం ఉంటుంది, సగం బంగారం. పది గ్రాముల ముద్దకి ఐదు గ్రాములు. కంసాలి మట్టి నుంచి వచ్చిన ముద్దలో వెండీ రాగీ కూడా కలిసి ఉంటాయి కాబట్టి మేలిమి ఇంకా తగ్గుతుంది. పిండడం కూడా ఇంట్లో చేయకండి. గుడ్డ, తొట్టి, నేల, చేతుల పగుళ్లు అన్నిటికీ అంటుకునేది ఆ పిండే పనిలోనే.

కుంపటి మీద కాల్చడం

పెదనాన్న చెప్పిన దారి ఇదే. నూటికి తొంభైమందికి తట్టేదీ ఇదే. ఖర్చు లేదు, అందరికీ తెలిసిన పని, గంటలో అయిపోతుంది. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది, బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. మధ్యలో ఉన్న ఎడమే ఈ పద్ధతికి ఆధారం. పాదరసం పోతుంది, బంగారం మిగులుతుంది.

పోయిన పాదరసం మన ఊపిరిలోకి పోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కంట్లో నీళ్లు రావు, గొంతు మండదు. పొగ వస్తే మనిషి పక్కకి జరుగుతాడు. ఇది వచ్చినట్టే తెలియదు కాబట్టి పనివాడు కుంపటి ముందే కూర్చుంటాడు. పీల్చిన ఆవిరిలో నూటికి ఎనభై వంతులు ఒంట్లోనే ఉండిపోతాయి. విచిత్రం ఏమిటంటే, పొరపాటున మింగిన పాదరసం చుక్క చాలావరకు ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. "చిన్నప్పుడు థర్మామీటరు కొరికి మింగాను, ఏమీ కాలేదు" అనేవాళ్ల మాట నిజమే. ఆ ధైర్యాన్ని ఆవిరి దగ్గర చూపించకూడదు.

ఒక చిన్న లెక్క చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనమీటర్ల గాలి ఉంటుంది. అందులో ఒక్క గ్రాము పాదరసం కాల్చారనుకుందాం. ముప్పావు వంతు కిటికీలోంచి పోయి, పావు వంతే గదిలో నిలిచిందనుకున్నా ఘనమీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాములు. పని చేసేచోట గాలిలో ఉండొచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టిన హద్దు 0.025 మిల్లీగ్రాములు. అంటే 350 రెట్లు. అది ఒక్క గ్రాముకి. ఆ తర్వాత గోడలకీ, అటకకీ, పరుపులకీ పట్టిన పాదరసం ఎండాకాలం వచ్చినప్పుడల్లా మళ్లీ లేస్తుంది.

"పెరట్లో కదమ్మా, గాలికి పోద్ది" అన్నారు పెదనాన్న. మా పెరటి గోడ అవతల పక్కింటివాళ్ల పొయ్యి ఉంది, ఇటు పక్క మా తమ్ముడి కోడలు నెలలు నిండుతూ ఉంది. పాదరసపు ఆవిరి తల్లి నుంచి కడుపులో బిడ్డకి చేరుతుంది. ఆ మాట చెప్పాక పెదనాన్న మళ్లీ కుంపటి పేరు ఎత్తలేదు.

మినమాటా ఒప్పందంలో కూడా ఇది స్పష్టంగా ఉంది. జపాన్‌లో మినమాటా తీరంలో ఒక రసాయన కర్మాగారం వదిలిన పాదరసం చేపల ద్వారా జనం ఒంట్లోకి చేరి నరాలు దెబ్బతీసింది. ఆ జబ్బు 1956లో బయటపడింది. ఆ ఊరి పేరు మీదే 2013లో చాలా దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. 2017లో అమల్లోకి వచ్చింది. మన దేశం 2018లో ఆమోదించింది. బంగారం పనిలో పూర్తిగా మానిపించాల్సిన పద్ధతుల్ని అందులో నాలుగే రాశారు. ఆ నాలుగింటిలో రెండు ఇవే: పాదరసపు ముద్దని ఆరుబయట కాల్చడం, ఇళ్ల మధ్య కాల్చడం. ఈ రెంటినీ విడివిడిగా రాశారంటే, మూత పెట్టి కాల్చినా ఇళ్ల మధ్య కూడదని అర్థం.

మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదా అని అడిగినవాళ్లున్నారు. గుడ్డా, కరోనా రోజుల మాస్కూ, ఎన్95 కూడా దుమ్మునే ఆపుతాయి. ఆవిరి వాటిలోంచి నేరుగా వస్తుంది.

యాసిడ్‌లో వేయడం

కంసాలి కొట్టులో నైట్రిక్ యాసిడ్ కొత్త కాదు కాబట్టి ఇది చాలామందికి శుభ్రమైన దారిలా కనిపిస్తుంది. నైట్రిక్ యాసిడ్ పాదరసాన్ని కరిగించేస్తుంది, బంగారం జోలికి పోదు. నిప్పు లేదు, కాల్చడం లేదు. మా మేనమామ కొడుకు విజయనగరం నుంచి ఫోన్ చేసి ఇదే చెప్పాడు: "అక్కా, కాల్చకు. యాసిడ్‌లో వేసి కడిగీ."

కడిగిన నీళ్లు ఎక్కడ పొయ్యాలిరా అంటే జవాబు లేదు. కాల్వలోనే పోస్తారు అందరూ. యాసిడ్‌లో పాదరసం మాయం కాదు. జారిపోయే లోహం కాస్తా నీళ్లలో కరిగే విషపు ఉప్పుగా మారుతుంది. లోహంగా ఉన్నప్పుడు కనీసం అడుగున పడి ఉంటుంది, ఏరుకోవచ్చు. ఉప్పుగా మారాక చర్మం గుండా కూడా పోతుంది, కాల్వలో పోస్తే నాగావళి దాకా, వంశధార దాకా పోతుంది. అక్కడ బురదలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసం అనే ఇంకో విషంగా మారిస్తే చేపల కండలో చేరుతుంది. చిన్న చేపని పెద్ద చేప తిన్నకొద్దీ మోతాదు పెరుగుతుంది. మినమాటాలో చేపల ద్వారా జనానికి చేరింది ఈ మిథైల్ పాదరసమే.

యాసిడ్ పనిలో లేచే ఎర్రటి పొగ ఇంకో ముప్పు. ఆ పూట దగ్గు వచ్చి తగ్గిపోయినట్టే ఉంటుంది, కొన్ని గంటల తర్వాత, రాత్రి పడుకున్నాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. పైగా ముద్ద పైపైనే కరిగి లోపల పాదరసం ఉండిపోతే, చివర్లో కరిగించేటప్పుడు అది కూడా గాలిలోకే.

మిగిలిన ద్రావణంలో రాగి ముక్కలు వేస్తే పాదరసం వాటి మీద పేరుకుని బయటికి వస్తుంది. పద్ధతి తెలిసిన రిఫైనరీ వాళ్లు పొగ లాగే గొట్టాల కింద, మిగిలిన నీళ్లకి లెక్క చెప్పుకుంటూ చేస్తారు. ఇంట్లో బకెట్టు పెట్టుకుని చేసే పని కాదు. కాల్చడం కంటే ఇది మెరుగని నేను అనలేను. గాలికి పోయే విషాన్ని నీళ్లకి మళ్లించడమే.

సైనైడ్ పేరు కూడా కొందరు ఎత్తుతారు. పాదరసం తగిలిన మట్టికి సైనైడ్ పోయకూడదు, అంతే. ఆ ఒప్పందంలోని నాలుగింటిలో ఇదీ ఒకటి. సైనైడ్ పాదరసాన్ని కూడా కరిగించి ఇంకా దూరం మోసుకుపోతుంది.

రిటార్టు, అంటే మూసి బట్టీ పట్టడం

ఇది నాకు బాగా నచ్చిన పరికరం. మా ఇంటికి మాత్రం వద్దనుకున్నాను. ఎందుకో చెప్పాలి.

సారా బట్టీ తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బిగుతైన మూత ఉన్న ఉక్కు గిన్నెలో ముద్ద పెడతారు. మూత నుంచి ఒక గొట్టం కిందికి వాలుగా దిగుతుంది. గిన్నె కింద మంట పెడితే పాదరసం ఆవిరై గొట్టంలోకి పోతుంది. గొట్టాన్ని తడిగుడ్డతోనో నీళ్లతోనో చల్లగా ఉంచుతారు కాబట్టి ఆవిరి మళ్లీ చుక్కలై కింద నీళ్ల గిన్నెలో పడుతుంది. గిన్నెలో బంగారం మిగులుతుంది. సరిగ్గా చేస్తే పాదరసంలో నూటికి 90, 95 వంతులు తిరిగి దొరుకుతుంది. పాదరసం ఎక్కడికి చేరింది అన్న ప్రశ్నకి మొదటిసారి తృప్తిగా జవాబు దొరికేది ఇక్కడే: సీసాలోకి.

గనుల దగ్గర ఈ పరికరం ఎన్నో ఊపిరితిత్తుల్ని కాపాడింది. లోకంలో 70కి పైగా దేశాల్లో కోటిమందికి పైగా జనం చిన్నకారు బంగారం తవ్వకాల మీద బతుకుతున్నారు. వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ లక్షల్లో ఉన్నారు. మనిషి చేతుల మీదుగా గాలిలోకి పోయే పాదరసంలో మూడో వంతుకి పైగా ఆ పనిదే. ఊరికి దూరంగా, రోజూ కాల్చక తప్పని చోట, పదిమందికి కలిపి ఒక రిటార్టు ఉందంటే అది పెద్ద మేలు. మన జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని దేశాలు పోయినవాళ్లు ఎవరైనా అలాంటిచోట పనిలో ఉంటే వాళ్లకి నేను చెప్పేది ఇదే: రిటార్టు లేకుండా కాల్చే పనికి కూర్చోవద్దు. అక్కడి నుంచి సీసాలో పాదరసం తేవద్దు కూడా. విమానంలో దాన్ని తీసుకెళ్లనివ్వరు, ఎందుకంటే విమానాల ఒళ్లు చాలావరకు అల్యూమినియం, పాదరసం దాన్ని తినేస్తుంది.

ఇక ఇంటికి ఎందుకు వద్దనుకున్నానంటే, ఈ పరికరంలో చిన్న తప్పులకి పెద్ద శిక్షలున్నాయి. గొట్టం కొసని నీళ్లలో ముంచకూడదు, నీటి మట్టానికి కొంచెం పైన ఉండాలి. ముంచితే మంట తగ్గినప్పుడు గిన్నె నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. ఎర్రగా కాలిన గిన్నెలోకి నీళ్లు పోతే పేలుతుంది. మూత సందుల్లోంచి కారినా కంటికి కనబడదు. జింకు పూత ఉన్న నీళ్ల పైపు వాడితే పూత కూడా ఆవిరై కలుస్తుంది. చల్లారకముందే తెరిస్తే లోపల మిగిలిన ఆవిరంతా తెరిచినవాడి ముఖానికే. ఇన్ని చేసినా బయటికొచ్చిన బంగారం మట్టిరంగులో, స్పాంజిలా ఉంటుంది. దానిలో నూటికి రెండు నుంచి ఐదు వంతుల పాదరసం ఇంకా దాగి ఉంటుంది. దాన్ని మెల్టింగ్ షాపులో కరిగించేటప్పుడు ఆ కాస్తా అక్కడి కుర్రాడు పీలుస్తాడు. గనుల ఊళ్లలో తవ్వినవాళ్ల కంటే బంగారం కొనే కొట్లలో పనిచేసేవాళ్ల ఒంట్లో పాదరసం ఎక్కువ కనబడే సందర్భాలున్నది ఇందువల్లే.

జీవితంలో ఒక్కసారి, ఒక్క జాడీ కోసం, వెల్డింగ్ షాపులో గొట్టం అతికించుకుని నేర్చుకునే పని కాదిది.

తెలిసిన రిఫైనరీకి ఇవ్వడం

మేము ఎంచుకున్నది ఇదే. ఇంట్లో ఒక్క జాడీ ఉన్న ఎవరికైనా నేను చెప్పేదీ ఇదే. నష్టాలు దాచను. డబ్బు తీసుకుంటారు. తూకంలో మనల్ని మోసం చేస్తారేమోనన్న అనుమానం ఉంటుంది. అందరూ తీసుకోరు, నాలుగుచోట్ల అడగాలి.

అడిగేటప్పుడు పాదరసం సంగతి మొదటి మాటగా చెప్పాలి. దాచి, పాత బంగారమని మెల్టింగ్‌కి ఇచ్చేవాళ్లున్నారు. అది పాపం. మేము మొదట వెళ్లిన ఒక కొట్టులో సంగతి చెబితే యజమాని, "ఏం పర్లేదమ్మా, ఇటివ్వండి, ఇప్పుడే ఊదేస్తాం" అన్నాడు. గదికి కిటికీ లేదు. ఊదే కుర్రాడికి ఇరవై కూడా ఉండవు. జాడీ వెనక్కి తెచ్చేసుకున్నాం.

అక్కడి నుంచి మూడు ప్రశ్నలు పెట్టుకుని తిరిగాం. మూసిన పరికరంలో వేరు చేస్తారా? ఆవిరి లాగే గొట్టానికి పాదరసాన్ని పట్టే జల్లెడ ఉందా? మామూలు బొగ్గు పాదరసాన్ని సరిగా పట్టదు, గంధకం పట్టించిన బొగ్గు కావాలి. ఈ తేడా తెలిసినవాడు మన ప్రశ్నకి తడుముకోడు. మూడోది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కాగితం చూపిస్తారా? మూడింటికీ అవునన్నచోటు విశాఖలో దొరికింది. ముద్దని మా ఎదుటే తూచారు, వచ్చిన బంగారాన్నీ మా ఎదుటే యంత్రంలో పెట్టి మేలిమి చూపించారు. పెదనాన్న గీటురాయి జేబులోంచి తీసి తనూ ఒకసారి గీసి చూసుకున్నారు. రెండూ కలిశాయి.

మిగిలిన పాదరసం మాట. దాన్ని ఇంకో కంసాలికి అమ్మితే మన జాడీ ఇంకో ఇంట్లో కుంపటి ఎక్కుతుంది. ప్రమాదకర వ్యర్థాల గురించి 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించాలి. విశాఖ దగ్గర పరవాడలో అలాంటి వ్యర్థాలను శుద్ధి చేసి భద్రంగా పూడ్చే కేంద్రం ఉంది. నేరుగా వెళ్లి ఇచ్చేది కాదు, ముందుగా మండలి ప్రాంతీయ కార్యాలయానికి కాగితం రాయాలి. మాకు రెండు నెలలు పట్టింది. పెరటి గదికి తాళం వేసి ఎదురుచూశాం.

అప్పటిదాకా దాన్ని ఎలా ఉంచాలి

పాదరసం నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు. అర లీటరు సీసాలో పోస్తే ఆరు కిలోల ముప్పావు. పల్చటి గాజు సీసా ఆ బరువుకి అడుగు ఊడిపోతుంది. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో, పైన రెండు వేళ్ల మందం నీళ్లు నిలిపి, మూత బిగించి, ఆ డబ్బాని ఇంకో పెద్ద డబ్బాలో పెట్టాలి. పైనున్న నీళ్లు ఆవిరి లేవకుండా ఆపుతాయి. బుడితి చెంబులోనో ఇత్తడి గిన్నెలోనో అల్యూమినియం డబ్బాలోనో పోయవద్దు, ఆ లోహాల్ని పాదరసం పట్టేస్తుంది. ముట్టుకునే ముందు గాజులు, ఉంగరాలు, మంగళసూత్రం తీసి దూరంగా పెట్టండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. మా తాతగారు రాయలేదు కాబట్టే ఆ కుర్రాడు ఊరగాయ అనుకున్నాడు. బస్సులో తీసుకెళ్లవద్దు. సొంత బండిలో, వెనక డిక్కీలో.

ఒలికితే చీపురు పెట్టవద్దు. మా ఇంట్లో జాడీ మూత తీసినప్పుడు శనగగింజంత చుక్క ఒకటి సిమెంటు నేల మీద పడింది. పడీ పడగానే వందముక్కలై గడప కిందికి, గోడ వారకి, తలుపు మూలకి ఉరికింది. చీపురుతో ఊడిస్తే ఆ వంద వేలవుతుంది. ఫ్యాను ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి, టార్చిలైటు నేలకి ఆనించి అడ్డంగా వేశాను. ఒక్కో చుక్కా నక్షత్రంలా మెరిసింది. గట్టి అట్టముక్కతో కూడదీసి, మందుల డ్రాపరుతో లాగి, మిగిలినవి అతికే టేపుతో అద్ది తీశాను. గంటన్నర పట్టింది. నేల పగుళ్లలో గంధకం పొడి చల్లి, మర్నాడు దాన్నీ ఎత్తి అదే డబ్బాలో వేశాను.

ఇకముందు మట్టి తీసేవాళ్లకి

పాదరసం లేకుండా కొట్టు మట్టిలోంచి బంగారం తీయలేమా అని పెదనాన్నే అడిగారు. తీయొచ్చు, అందుకు కావలసింది ఆయన పెట్టెలోనే ఉంది: వెలిగారం, అంటే బోరాక్స్.

ఫిలిప్పీన్స్‌లో బెంగెట్ అనే కొండ ప్రాంతంలో చిన్నకారు గని పనివాళ్లు మూడు దశాబ్దాలకి పైగా పాదరసం ముట్టకుండా పనిచేస్తున్నారు. ఇసుకని నీళ్లలో పళ్లేనికి వేసి కడిగి కడిగి బరువైన రవ్వని మిగుల్చుకుంటారు. బంగారం సాంద్రత 19, ఇసుకది మూడు లోపే కాబట్టి ఓపిక ఉంటే నీళ్లే విడదీస్తాయి. ఆ రవ్వకి వెలిగారం కలిపి మూసలో కరిగిస్తారు. వెలిగారం మిగతా ఖనిజాల్ని గాజులా కరిగించి పైకి తేల్చుకుంటుంది, బంగారం కింద గుండులా దిగుతుంది. అతుకులు పెట్టడానికి రోజూ వెలిగారం వాడే మన కంసాలికి ఇది చెప్పాల్సిన పని కూడా లేదు.

కొట్టు మట్టికి ఇంకా సులువు. ముందు అయస్కాంతం తిప్పి ఆకురాయి ఇనుప రజను తీసేయాలి. తర్వాత కడగాలి, తర్వాత వెలిగారంతో కరిగించాలి. మరీ మెత్తటి దుమ్ములో కొంత బంగారం నీళ్లతో పోతుంది, నిజమే. ఆ కడిగిన మట్టిని పారేయకుండా దాచి, ఏడాదికోసారి రిఫైనరీకి ఇస్తే అదీ తిరిగొస్తుంది. ఒక్క హెచ్చరిక. ఇంతకుముందు పాదరసం పోసిన మట్టిని మాత్రం కాల్చకూడదు, కరిగించకూడదు. దాన్ని వేరే డబ్బాలో పెట్టి పాదరసంతో పాటే అప్పగించాలి.

ఇదివరకే ఈ పని చేసినవాళ్లు ఉంటే ఒక పరీక్ష చేయించుకోండి. మూత్రంలో పాదరసం ఎంతుందో చూసే పరీక్ష అది, ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి ఇవ్వాలి. డాక్టరుకి "కంసాలి పని, పాదరసం కాల్చేవాణ్ణి" అని నోరు తెరిచి చెప్పాలి, చెప్పకపోతే ఆయనకి తట్టదు. చేతులు వణకడం, చిగుళ్లు వాచడం, నోట్లో నీరు ఊరడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, మాట మరిచిపోవడం దీని గుర్తులు. కాల్చిన కొన్ని గంటల్లోనే దగ్గు, ఆయాసం, జ్వరం వస్తే ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి. పాదరసం మూత్రపిండాల్లో ఎక్కువగా చేరుతుంది. ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల కిడ్నీ జబ్బు ఇంటింటినీ ఎలా తినేస్తోందో మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు. ఆ జబ్బుకి మూలం వేరే కావచ్చు. కానీ ఇప్పటికే కిడ్నీ బలహీనంగా ఉన్న మనిషి పాదరసం ఉన్న గదిలో ఒక్క పూట కూడా ఉండకూడదు.

మా నాన్న చివరి ఏళ్లలో ముక్కుపుడకకి రాయి పొదగలేకపోయేవారు. చెయ్యి ఆగేది కాదు. పట్టకారు కింద పెట్టేసి, కాసేపు చేతిని తొడ కింద దాచుకుని కూర్చునేవారు. వయసు అనుకున్నాం. పరీక్ష చేయించాలని మాకెవరికీ తోచలేదు.

జాడీ లెక్క ఇది. పాదరసం కిలో ఆరువందల గ్రాములు, ముద్ద 38 గ్రాములు. విశాఖలో తేలిన బంగారం 16 గ్రాముల చిల్లర, వాళ్ల ఖర్చు పోను. పెదనాన్న దాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూసి, "నాయిన కష్టం" అన్నారు. ఆ మర్నాడే శ్రీకాకుళం తీసుకెళ్లి ఆయనకి మూత్ర పరీక్షకి ఇప్పించాను.